గడప తొక్కే పిలుపు
(పత్తర్‌గట్టి సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ధర్మశాస్త్రం గృహస్థునకు నిత్యమూ ఐదు యజ్ఞాలను విధించింది. వాటిలో మనుష్యయజ్ఞమంటే అతిథిపూజ. ఫలానా తిథి అనే నియమం లేకుండా వచ్చేవాడు గనుకనే అతనికి అతిథి అని పేరు. నేడు ముందుగా ఫోను చేయనిదే ఒకరి గడప మరొకరు తొక్కడం అరుదైపోయింది. ఆ పదానికున్న అర్థమే మన ఇళ్లలోనుంచి జారిపోతున్నది. ఎందువల్లనో విచారిద్దాం.

యంత్రాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం ప్రారంభమైంది. ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగులు స్నానాలు చేసి మరీ చేరేవారు. కొందరు ఆ పెట్టెకే పూలదండ వేసి హారతి ఇచ్చేవారు. సంభాషణలు హిందీలో సాగేవి. ఆ భాష తెలియని అవ్వకు పక్కనున్న పిల్లవాడు అర్థం చెప్పేవాడు. పురాణశ్రవణం గుడి మండపం నుంచి ఇంటి వసారాలోకి వచ్చినా, వినేవారి కూడిక చెడలేదు.

ఇప్పుడు అదే రామాయణం ప్రతివారి అరచేతిలోనూ ఉన్నది. నలుగురున్న ఇంట నాలుగు తెరలు. తాతగారు ప్రవచనం వింటారు. కొడుకు వార్తలు చూస్తాడు. కోడలు ఆఫీసు సందేశాలకు జవాబిస్తుంది. మనవడు ఆటలో ఉంటాడు. ఎవరూ తప్పు చేయడం లేదు. కాని తాతగారికి కలిగిన సందేహం ఎవరితో పంచుకోవాలి? శ్రవణానికి లోటు లేదు. మననానికి తోడు లేదు.

శుభలేఖల సంగతి చూడండి. పెళ్లి బట్టలకై ఈ పత్తర్‌గట్టి రాతి కమానుల కిందికి వచ్చినవారు, చెంతనే ఉన్న ఛత్తాబజారులో శుభలేఖలు అచ్చు వేయించుకొని వెళ్లడం పరిపాటి. వాటి అంచులకు పసుపు పూసి, దంపతులు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచేవారు. ఆ మిషతో యోగక్షేమాలు తెలిసేవి. మంచం పట్టిన పెద్దాయన కనబడేవాడు. చదువు ఆగిపోయిన పిల్ల కనబడేది. ఏళ్లనాటి పట్టింపు గ్లాసుడు మజ్జిగతో కరిగేది. నేడు వాట్సాప్ శుభలేఖ క్షణంలో వందల మందికి అందుతుంది. చూశారని రెండు నీలి గీతలు చెబుతాయి. మంచం మీది పెద్దాయన సంగతి మాత్రం ఆ గీతలు చెప్పవు.

దూరదేశంలోని బిడ్డ ముఖాన్ని తల్లికి చూపుతున్నదీ ఆ ఫోనే. కదలలేని వారికి తిరుమల కల్యాణోత్సవాన్ని ఇంటికి తెస్తున్నదీ ఎస్వీబీసీ ప్రసారమే. కనుక వదలమని అనను, హద్దు పెట్టమంటాను. రాత్రి భోజనవేళ ఫోన్లన్నీ ఒక పళ్లెంలో పెట్టి పక్కన ఉంచండి. వారానికొక్క ప్రవచనాన్ని ఇంటిల్లిపాదీ ఒకే తెరపై చూసి, పావుగంట దానిని గురించి మాట్లాడుకోండి. ఇంట శుభకార్యం తలపెట్టినప్పుడు ఫోనులో పంపేది పంపండి. డెబ్బై దాటిన బంధువుల గడపకు మాత్రం స్వయంగా వెళ్లండి. వారు పెళ్లికి రాలేకపోవచ్చు. మీరు వెళ్లి కూర్చున్న ఆ ఘడియే వారికి పెళ్లి సందడి.

స్వస్తి.