షుగర్ మాత్ర వేసుకున్నాక అన్నం మానొద్దు
(నెలవారీ మందుల పంపిణీ రోజున ఏఎన్‌ఎం చెప్పిన మాటలు)

బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తున్నాం, తీసుకెళ్తున్నారు. సంతోషం. కానీ వాడే పద్ధతి తప్పితే ఆ మాత్రే ప్రాణం మీదికి తెస్తుంది.

గ్లిమెపిరైడ్ మాత్ర టిఫిన్ వేళకు వేసుకోవాలి. వేసుకుని ఏమీ తినకుండా కూలికి పోయినా, ఉపవాసం ఉన్నా షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం వస్తాయి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలకీ తగ్గకపోతే మళ్లీ తాగండి. తేరుకున్నాక అన్నం తిని, మాకు చెప్పండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోవద్దు. షుగర్ తగ్గిందని మానేయొద్దు, తగ్గింది ఆ మాత్రల వల్లే కదా! పక్కింటివాళ్ల మాత్రలు మీకు పనికిరావు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుగారిని అడగండి.

వచ్చే నెల మిగిలిన మాత్రలు కూడా పట్టుకురండి. దాచొద్దు, మేం తిట్టం. ఎందుకు మిగిలాయో తెలిస్తేనే డాక్టరుగారు డోసు సరిచూడగలరు.