మా చోడవరం మీదుగా స్పేస్ స్టేషన్: నా యాప్ టైమ్ ఎందుకు తప్పింది?

ఈరోజు స్పేస్ డేటాని మన యాప్‌లో ఎలా వాడాలో చూద్దాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

బీటెక్‌లో ఉండగా, ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ మా చోడవరం మీదుగా ఎప్పుడు వెళ్తుందో చెప్పే చిన్న యాప్ చేశాను. అక్షాంశం 17.8, రేఖాంశం 82.9 అని ఇస్తే ఒక ఫ్రీ సర్వీస్ టైమ్ పంపించేది. ఒకరోజు రాత్రి 11:20 అని చూపించింది. ఇంట్లో అందర్నీ డాబా ఎక్కించాను. పన్నెండు దాటింది, ఏమీ రాలేదు. నాన్న ఒక్క మాట కూడా అనకుండా కిందకి దిగిపోయారు. తిట్టినా బాగుండేది.

పొద్దున్న లేవగానే నానమ్మ అంది: “ఒరే, తెల్లారగట్ల కల్లాపి జల్లుతుంటే పెద్ద సుక్కొకటి నడిసెల్లిపోనాది రా. నువ్వు సెప్పింది అదేనేటి?”

అదే! సర్వీస్ ఇచ్చిన 23:20 యూటీసీ టైమ్. మన టైమ్ దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అంటే మర్నాడు తెల్లవారుజామున 4:50. డేటా కరెక్టే, దాన్ని మార్చకుండా స్క్రీన్ మీద పెట్టింది నేను.

ఇంకో తప్పు కూడా ఉంది. రాత్రి 11:20కి అది నిజంగా నెత్తిమీదుగా వెళ్లినా మనకి కనిపించదు. దానికి సొంత వెలుగు లేదు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఎండ పడితేనే మెరుస్తుంది. ఆ టైమ్‌కి మన దగ్గర అది భూమి నీడలో ఉంటుంది. మనకి చీకటి ఉండాలి, దానికి ఎండ ఉండాలి. అది పొద్దుగూకాక కాసేపు, తెల్లారేముందు కాసేపు మాత్రమే కుదురుతుంది. కాబట్టి “వెళ్తుంది” వేరు, “కనిపిస్తుంది” వేరు. యాప్‌లో రెండూ లెక్కేయాలి.

ఇప్పుడు మళ్లీ చేస్తే మూడు పనులు చేస్తాను.

ఒకటి, టైమ్‌ని యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మాత్రమే ఫోన్ టైమ్‌లోకి మారుస్తాను. తేదీ కూడా చూపిస్తాను, ఎందుకంటే ఇక్కడ రోజే మారిపోయింది.

రెండు, స్టేషన్ కక్ష్య వివరాలు సెలస్ట్రాక్‌లో ఫ్రీగా దొరుకుతాయి. పైథాన్‌లో స్కైఫీల్డ్ లైబ్రరీ వాటితో టైమ్ లెక్కేస్తుంది, ఎండలో ఉందో లేదో కూడా చెప్తుంది. కానీ పాత డేటా వాడొద్దు. ఆ ఎత్తులో ఉన్న పల్చటి గాలి రాపిడికి స్టేషన్ కిందకి జారుతుంటుంది, ఇంజిన్లు మండించి మళ్లీ పైకి నెడుతుంటారు. కక్ష్య మారితే టైమూ మారుతుంది.

మూడు, కీ జాగ్రత్త. నాసా ఓపెన్ ఏపీఐకి ఫ్రీ కీ ఇస్తారు, గంటకి 1,000 రిక్వెస్టుల వరకు. ఆ కీని యాప్‌లోనే పెడితే యూజర్లందరూ కలిసి ఆ కోటా అవగొట్టేస్తారు. నాసా రోజూ పెట్టే అంతరిక్ష ఫొటో రోజుకి ఒక్కసారే మారుతుంది కదా, మన సర్వర్ ఒక్కసారి తెచ్చి అందరికీ పంచితే చాలు.

మనం చూపించే టైమ్‌ని నమ్మి ఎవరో ఒకరు నిద్ర మానుకుని డాబా ఎక్కుతారు. అది గుర్తుంచుకుని కోడ్ రాయండి. మీ ఊరి మీదుగా ఎప్పుడు కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!