ఆలస్యమైనకొద్దీ అవసరం పెరుగుతుంది
(అద్దంకిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది. ఆ ధర్మాసనంలోని ఐదుగురిలో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు ఒకరు. అంతకుముందు మన హైకోర్టులో ఉండగా, 1975 నాటి కాశిరెడ్డి పాపయ్య కేసులో ఆయన ఇంకో మంచి మాట చెప్పారు. దళితుల ఇళ్ళస్థలాలకు అత్యవసర నిబంధన కింద భూమి తీసుకున్నాక అధికారులు జాప్యం చేస్తే, ఇక అత్యవసరం ఎక్కడిదన్న ప్రశ్న వచ్చింది. ఆలస్యమైనకొద్దీ అవసరం పెరుగుతుందే గాని తరగదని ఆయన తీర్పు.

రెవెన్యూలో పనిచేసిన నాకు ఆ మాట విలువ తెలుసు. చట్టం లేక ఆగిన ఇళ్ళస్థలం ఫైలు నేను చూడలేదు. నోటిఫికేషన్, సర్వే, అవార్డు, లేఅవుటు, పట్టా – ఒక్కో మెట్టు మీద ఒక్కరు కూర్చుంటే చాలు. ఊరి పక్క మెరక నేల పత్తికో మిరపకో పనికొచ్చేది. దాని ఆసామి పలుకుబడి గలవాడు. ఆయన్ను కాదనడానికి స్థానిక పెద్దలు జంకుతారు. చివరకు కూలీలకు చూపేది వానొస్తే నీళ్ళు నిలిచే నల్లరేగడి పల్లం, లేదా దారిలేని పోరంబోకు. పట్టా ఇచ్చినా హద్దురాయి పాతరు. మిరపకోతకు వాళ్ళు కావాలి, వాళ్ళ ఇంటికి మాత్రం చోటు ఉండదు. నేనెరిగిన ఒక ఊళ్ళో తండ్రి అర్జీ పెట్టుకుంటే కొడుకు పేరున పట్టా వచ్చింది. ఈలోగా వారి తాటాకు పాక రెండుసార్లు కాలిపోయింది.

ఇది మన ఒక్కరి జాడ్యమే కాదు. ఐర్లండులో వ్యవసాయ కూలీలకు ఇళ్ళు కట్టించాలని 1883లోనే చట్టం వచ్చింది. కట్టించవలసిన స్థానిక బోర్డుల్లో పన్ను కట్టే రైతులదే పెద్దపీట. అందుచేత చాలాచోట్ల వెనుకాడారు. 1906లో ప్రభుత్వం చౌక అప్పు, సాయం ఇచ్చాకే పని జోరందుకుంది.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న గ్రామాల్లో సెంటున్నర చొప్పున పట్టాల పంపిణీ మొదలైంది. సెంటున్నరంటే సుమారు 72 గజాలు. ఇల్లు లేస్తే గేదెను కట్టేసే చోటు మిగలదు. అదైనా కాగితం మీద గాక నేల మీద దక్కాలి.

మిత్రులారా! డి.ఎ. బకాయిల కోసం అర్జీలు రాసి రాసి మన చెయ్యి తిరిగింది. ఆఫీసులో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో మనకన్నా ఎవరికి తెలుసు? వారానికొక పూట సంఘం ఆఫీసులో కూర్చుని కూలీలకు అర్జీలు రాసిపెడదాం. 2005 సమాచార హక్కు చట్టం కింద వారి ఫైలు ఎవరి బల్ల మీదుందో అడుగుదాం. పెన్షన్ హక్కయినప్పుడు, కష్టజీవికి గూడు దయ ఎలా అవుతుంది?