మ్యూజియం కరెంటు బిల్లు ఎవరు కట్టాలి?
(జిల్లా మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున జమాఖర్చులు చదివినప్పుడు వెనక వరసలో గొణుగుడు వినిపించింది. ఎరువులకే డబ్బులు లేవు, పాత కాగితాల గదికి ఖర్చేమిటని. మాట మొదలుపెట్టింది మేమే కాబట్టి జవాబు కూడా మేమే చెప్పాలి.

ఇంగ్లండులో డోర్సెట్ ప్రాంతంలో టాల్‌పడిల్ అనే చిన్న ఊరుంది. అక్కడి వ్యవసాయ కూలీల వారపు కూలిని 9 షిల్లింగుల నుంచి 8కి, 7కి తగ్గించారు. ఇంకా 6కి దించుతామన్నారు. సంఘం పెట్టుకున్న ఆరుగురిపై రహస్య ప్రమాణం చేశారన్న నేరం మోపి, 1834లో ఏడేళ్ల శిక్షతో ఆస్ట్రేలియా ఓడ ఎక్కించారు. జనం ఊరేగింపులు తీశారు, లక్షల సంతకాలు పెట్టారు. 1836లో క్షమాభిక్ష వచ్చింది. చివరి మనిషి ఇల్లు చేరేసరికి 1839 అయింది.

నూరేళ్లు నిండిన 1934లో అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఉత్త శిలాఫలకంతో సరిపెట్టలేదు. వయసు మళ్లిన వ్యవసాయ కార్మికులకు ఆరు ఇళ్లు కట్టించింది. ఆ ఇళ్ల వరస మధ్యలోనే మ్యూజియం ఉంది. టికెట్టు లేదు. ఏటా జూలైలో సంఘాలన్నీ జెండాలతో ఆ ఊరికి వస్తాయి.

టికెట్టు లేనంత మాత్రాన ఖర్చు లేకుండా పోదు. చిన్న మ్యూజియాలు చితికేది ఇక్కడే. గోడ కట్టడానికి దాత దొరుకుతాడు, ఫలకం మీద పేరు పడుతుంది కదా. చెదల మందుకు, కరెంటు బిల్లుకు, తాళం తీసే మనిషి జీతానికి ఫలకాలుండవు. గ్రాంటు వస్తే ఫలానా పనికేనని రాసి మరీ ఇస్తారు. దాన్ని జీతానికి వాడితే ఆడిటులో దొరికిపోతాం. పాసుబుక్కులో డబ్బు కనిపిస్తుంది, చేతికి మాత్రం రాదు. కోయని చేను చూపించి షావుకారు అప్పు తీర్చలేం గదా!

మన గదిలో బంగారమేమీ లేదు. పాత శిస్తు రసీదులు, సంఘం తొలి మినిట్స్ పుస్తకం, 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచిన రైతు రక్షణ యాత్ర గురించి పెద్దలు చెప్పగా రాసుకున్న కాగితాలు ఉన్నాయి. నిరుటి వానకు ఒక పెట్టె తడిసిపోయింది. అందులో ఏముందో జాబితా కూడా రాసిపెట్టుకోలేదు, ఆ తప్పు మాదే.

అందుకే మేం అడిగేది ఇది. దాతల డబ్బు కోసం ఎదురుచూడకుండా, ధాన్యం అమ్మినప్పుడు బస్తాకు ఒక రూపాయి ఇవ్వండి. దానికి వేరే ఖాతా తెరుస్తాం. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు అందులో ఎప్పుడూ నిల్వ ఉంచుతాం. మూడు నెలలకోసారి లెక్క ఈ పత్రికలోనే వేస్తాం. రసీదు పుస్తకాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, భోజనానికి వెళ్లేటప్పుడు మీ మండలం పుస్తకం తీసుకెళ్లండి.