గ్రాఫిక్స్ కార్డు: పేరు చూసి కొనాలా, పని చూసి కొనాలా?

శ్రీకాకుళం, విజయనగరం ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కంప్యూటర్ అమర్చుకోవాలంటే విశాఖ షాపుల్లోనో, ఆన్‌లైన్‌లోనో ధరలు వాకబు చేస్తారు. గేమింగ్ కంప్యూటర్‌లో పెద్ద ఖర్చు సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుదే. 'ఎన్విడియా కంపెనీదైతేనే కొంటా' అని ముందే తీర్మానించుకునేవారూ ఉంటారు.

ఆ అభిమానం ఉత్తినే పుట్టలేదు. 2007లో ఎన్విడియా విడుదల చేసిన, గ్రాఫిక్స్ చిప్‌తో ఇతర లెక్కలూ చేయించే కుడా సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ చిప్‌ల కోసమే తయారైంది. ఏఐ చదివేవారికి అది బాగా అక్కరకొస్తుంది. ఆటలకే అయితే లెక్క మారుతుంది.

2023లో అమెరికాలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 ధర 299 డాలర్లు, ఏఎండీ ఆర్ఎక్స్ 7600 ధర 269. రెండింటి మెమరీ 8 జీబీయే. 2024 డిసెంబరులో ఇంటెల్ 12 జీబీ ఆర్క్ బీ580ని 249 డాలర్లకే తెచ్చింది. మన దగ్గరికొచ్చేసరికి వీటిపై 18 శాతం జీఎస్టీ, డాలరు మారకం ప్రభావం కూడా పడతాయి.

ఇంకో మాట. కార్డులు తయారుచేసే ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్ కంపెనీల పెట్టెల్లో ఒకే చిప్ ఉండొచ్చు. తేడా ముఖ్యంగా ఫ్యాన్లలో, వారంటీలో ఉంటుంది. కాబట్టి ముందు మీ పనేమిటో తేల్చుకోండి. పాడైతే కార్డు ఏ ఊరికి పంపాలో అడగండి. బిల్లు భద్రంగా దాచుకోండి.