రోగి ధనవంతుడే కావలయునా?

(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



సంస్కృతము బోధించి విశ్రాంతి గైకొన్న నాకు వైద్యమున అధికారము లేదు. అయినను మందుల వ్యయము ప్రతి గృహమునకును సంబంధించినది గావున దానినిగూర్చి కొన్ని మాటలు విన్నవించుచున్నాను.

వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నలుగురిని చికిత్సకు నాలుగు పాదములుగా మన ఆయుర్వేదాచార్యులు చెప్పిరి. రోగి గుణములలో వాగ్భటుడు ధనమునే మొదట పేర్కొనెను. చరకుడు ధనము మాట యెత్తలేదు. జ్ఞాపకశక్తి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యము, బాధను చక్కగా చెప్పగలుగుట చాలుననెను. సమృద్ధిగా లభించుట ఔషధమున కుండవలసిన గుణమని కూడ ఆయన మతము. నేడు ఎవరి మాట నిజమగుచున్నదో మన గృహములే సాక్ష్యము.

రక్తపుపోటు, మధుమేహము గలవారు సాధారణముగా జీవితాంతము మందు వాడవలయును. మాసాంతమువరకు సరిపెట్టుకొనవలెనని దినము విడిచి దినము మాత్ర మ్రింగు వృద్ధులు మనలో లేరా? బాధ వెంటనే కానరాదు. గుండెయు మూత్రపిండములును లోలోపల చెడును. నేడు మిగిలిన పదిరూపాయలు రేపు ఆసుపత్రిలో వేలరూపాయల అప్పుగా మారును.

మందునకు శాస్త్రీయనామ మొక్కటే. కంపెనీలు పెట్టిన వ్యాపారనామములు పెక్కు. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ వంటి పాతమందులను అనేక కంపెనీలు చేయుచున్నవి. ధరలో మాత్రము మిక్కిలి భేదము గలదు. 2008లో ప్రభుత్వము ప్రారంభించిన జనౌషధి దుకాణములలో మందులు శాస్త్రీయనామముతోనే, చాలవరకు సగముకంటె తక్కువ వెలకు లభించుచున్నవి.

శాస్త్రీయనామము వ్రాయుట మంచిదని వైద్యమండలి 2002 నాటి నియమావళిలోనే చెప్పెను. దానిని విధిగా చేయు నియమములు 2023 ఆగష్టు 2న వెలువడి, ఆ నెల 23ననే నిలిపివేయబడెను. కొందరు వైద్యుల వ్రాతపై కంపెనీ ప్రతినిధుల ప్రభావము లేదనలేము. కాని చౌకమందుల నాణ్యమునుగూర్చి నిజముగా సందేహించు సద్వైద్యులును గలరు. ఆ సందేహమును తీర్చుట, మందులను తరచుగా పరీక్షించుట ప్రభుత్వము పని. కావున వైద్యుని నిందింపక వినయముతో అడుగుడు: "అయ్యా, ఇదే మందు తక్కువ వెలలో దొరకునా? ఈ చీటిలో తప్పనిసరి యైనవి ఏవి?" ఆయన సమ్మతి లేక మందు మార్చవలదు, మానవలదు. అట్లే సామాన్యమైన జలుబునకు యాంటిబయాటిక్ కావలెనని పట్టుబట్టవలదు. అది ఆ రోగమునకు పనిచేయదు, వ్యయము మాత్రము మిగులును.

పోషకులకు నా ప్రార్థన యిది. ఏటేట పూలదండలకును పందిళ్లకును వెచ్చించుదానిలో కొంత తీసి, దిక్కులేని వృద్ధులకు నెలనెల మందులిచ్చు నిధి నొకటి స్థాపింపుడు. ఫార్మసీ చదివిన మన యువకులు నెలకొకదినము సంఘభవనమున కూర్చుండి, వచ్చినవారి మందుచీటీలను చదివి చెప్పుదురుగాక. వాగ్భటుడు కోరిన ధనము రోగియొద్ద లేనప్పుడు, అది సంఘమునొద్ద నుండవలయును.

ఈ విన్నపమును తీర్మానముగా స్వీకరింప వేడుచు విరమించుచున్నాను.