ఆ టోపీని మళ్లీ కుట్టారు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఫిన్లాండ్ పోయొచ్చావు కదా, అక్కడి మంచు గురించి చెప్పమన్నారు. మంచు యూట్యూబ్‌లో చూసుకోండి. నేను చూసిన రెండు మ్యూజియాల గురించి చెప్తాను.

మొదటిది రాజధాని హెల్సింకిలోని డిజైన్ మ్యూజియం. 1873లో మొదలైంది. అందులో రాజుల కిరీటాలు లేవు. కుర్చీలు, గిన్నెలు, గాజు పాత్రలు! ఆల్వార్ ఆల్టో 1936లో గీసిన అలల అంచు పూలకుండీ ఫిన్లాండ్‌లో అందరికీ తెలుసు. ఫిస్కార్స్ వారి నారింజ రంగు పిడి కత్తెర 1967 నాటిది. ఇంట్లో వాడే ఆ కత్తెరకు రూపం ఇచ్చింది ఓలోఫ్ బాక్‌స్ట్రోమ్ అని వాళ్లు పేరు పెట్టి చెప్తారు. మన ఓజాలు పోసే ఇత్తడి బొమ్మ కింద 'గిరిజన కళ' అని రాస్తారు గాని, పోసిన మనిషి పేరు ఎన్నిచోట్ల చూశారు?

రెండోది అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైనే, ఉత్తరాన ఇనారి అనే ఊళ్లో ఉంది. పేరు సీడా. అది సామీల మ్యూజియం. సామీలు ఆ నేల ఆదివాసులు, రెయిన్‌డీర్లు మేపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు. ఫిన్లాండ్‌లో సుమారు 10,000 మంది. అంత చిన్న జనంలోనే మూడు సామీ భాషలున్నాయి. సీడా అంటే వేట, మేపు నేలలు కలిసి పంచుకునే కుటుంబాల పాత కట్టుబాటు. బర్చ్ మానుకు బుడిపెలా పెరిగిన గడ్డను తొలిచి చేసిన కప్పు అక్కడ చూశాను. మనం అడవికి సొరకాయ బుర్ర పట్టుకెళ్లినట్టే వాళ్లు దాన్ని పట్టుకెళ్తారు.

సామీల వస్తువులు తరాలుగా హెల్సింకిలోని జాతీయ మ్యూజియంలో ఉండేవి. 2021లో 2,200కు పైగా వస్తువులను సీడాకు తిరిగి ఇచ్చేశారు. వాటిని భద్రపరచడానికి భవనాన్ని పెంచి కట్టారు. 2024లో యూరప్‌లో ఆ ఏటి మేటి మ్యూజియం బహుమతి సీడాకే వచ్చింది.

అయితే నన్ను నిలబెట్టింది ఒక టోపీ కథ. పూర్వం సామీ ఆడవాళ్లు వెనక కొమ్ములా లేచే టోపీ పెట్టుకునేవారు. లోపల చెక్క ముక్క ఉంటుంది. ఆ చెక్కలో దయ్యం ఉంటుందని మత ప్రచారకులు చెప్పారట. 19వ శతాబ్దం చివరికి టోపీ మాయమైంది, మ్యూజియం పెట్టెల్లోనే మిగిలింది. కళాకారిణి ఔటి పియెస్కి, పురావస్తు పరిశోధకురాలు ఏవా-క్రిస్టీనా హర్లిన్ కలిసి ఏ మ్యూజియంలో ఏ టోపీ ఉందో వెతికారు. కొలతలు చూసి, సామీ ఆడవాళ్లను కూర్చోబెట్టి మళ్లీ కుట్టించారు. ముత్తవ్వల టోపీ మనవరాళ్ల తల మీదికొచ్చింది.

మన ఆదిలాబాద్ గోండుల 1940ల నాటి ఫోటోలు, ఫిల్ములు, హైమన్‌డార్ఫ్ తీసినవి, లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. అందులో మన తాతలుంటారు, వాళ్ల పేర్లు చెప్పగలిగే ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

మన గుస్సాడి టోపీ అదృష్టం కొద్దీ ఇంకా పెట్టెలోకి పోలేదు, దండారిలో ఆడుతోంది. కానీ నెమలి ఈకలు పేర్చి దాన్ని కట్టడం నాకు రాదు. ఈ నెల మా ఊరి పెద్దాయన దగ్గర కూర్చుంటున్నాను. ఆయన ఒప్పుకుంటేనే ఫోన్‌లో తీస్తాను. మీ ఊళ్లో కట్టేది ఎవరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన్నే అడిగి, పేరుతో సహా రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి.